ఎడారి బాట మీద ఒక వర్తక రాజ్యం: నబాతీయుల కథ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర మీద ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. మన సభల్లో చరిత్ర అంటే బాగ్దాదు, కర్డోవా, ఢిల్లీ, గోల్కొండ. వీటిని గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఇక్కడే కూర్చుని ఉన్నారు. ఇస్లాంకు ముందు అరబ్బుల సంగతి వచ్చేసరికి మాత్రం "జాహిలియా కాలం" అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్ళిపోతాం. అది మతదృష్టితో చెప్పిన మాట, అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే ఆ కాలపు మనుషులకు ఏమీ తెలియదు, ఇసుకలో ఒంటెలు తోలుకుంటూ ఒకరినొకరు దోచుకుంటూ బతికారు అనుకుంటే మాత్రం అది చరిత్ర కాదు. ఆ ఒంటెలు తోలినవారిలోనే ఒక తెగ రాజ్యాన్ని స్థాపించింది. నాలుగు వందల ఏళ్ళు గ్రీకులకూ రోమన్లకూ సరుకు అందించింది. వాళ్ళు వదిలిపెట్టి వెళ్ళిన వస్తువు ఒకటి ఈరోజుకీ మనందరి ఇళ్ళలో ఉంది. అదేమిటో చివర్లో చెబుతాను, అంతవరకు ఓపిక పట్టండి.

వాళ్ళ పేరు నబాతీయులు. అరబ్బీ గ్రంథాల్లో నబత్ అనీ అన్‌బాత్ అనీ కనిపిస్తారు. ఈనాటి జోర్డాన్ దేశపు దక్షిణ భాగం వాళ్ళకు కేంద్రం. బాగా వెలిగిన రోజుల్లో వాళ్ళ ఏలుబడి ఉత్తరాన సిరియాలోని బుస్రా నుంచి దక్షిణాన హిజాజ్‌లోని హిజ్ర్ దాకా, పడమర సినాయ్ దాకా సాగింది. గ్రీకు రచయితలు వీళ్ళను అరబ్బులనే పిలిచారు. రాజుల పేర్లు చూస్తే మనకూ అలాగే అనిపిస్తుంది. గ్రీకువాడు అరెటాస్ అని రాసినది మన హారిసా. మాలికస్ అంటే మాలిక్. ఒబోదాస్ అంటే ఉబాదా. మన వీధిలో పిలిస్తే ముగ్గురూ పలుకుతారు.

వాళ్ళ రాజధానిని గ్రీకులు పెట్రా అన్నారు. రాయి అని అర్థం. వాళ్ళు మాత్రం రఖ్ము అని పిలుచుకున్నారు. ఎర్రటి ఇసుకరాతి కొండల మధ్య, కిలోమీటరుకు పైగా పొడవున్న ఇరుకు కనుమ గుండా నడిచి లోపలికి పోవాలి. ఆ కనుమ చివర కొండలో తొలిచిన సుమారు 40 మీటర్ల ఎత్తు కట్టడం ఒకటి హఠాత్తుగా కళ్ళ ముందు నిలుస్తుంది. దాని ఫోటో మీరు ఎప్పుడో ఒకప్పుడు క్యాలెండర్ మీద చూసే ఉంటారు. అక్కడి బద్దూలు దాన్ని ఖజ్నా అంటారు, మన ఖజానా అన్నమాటే. పైనున్న రాతి కలశంలో ఫిరౌన్ నిధి ఉందని నమ్మి తుపాకులతో దాన్ని కొట్టారు. గుండు దెబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. అది ఖజానా కాదు, సమాధి. 2003లో దాని ముందు నేల తవ్వితే ఇంకా కింద సమాధి గదులు బయటపడ్డాయి.

సరే, ఇంత వైభవం ఎక్కడి నుంచి వచ్చింది? సాంబ్రాణి నుంచి.

జుమేరాత్ సాయంత్రం మన ఇళ్ళలో నిప్పుల మీద ఊదు వేస్తాం కదా, ఆ కోవకు చెందిన సరుకే. అరబ్బీలో లుబాన్ అంటారు. యెమెన్‌లోని హజ్రమౌత్ ప్రాంతంలో, ఒమన్‌లోని జఫార్‌లో ఒక రకం పొద లాంటి చెట్టుకు గాటు పెడితే కారే బంక అది. దానితోపాటు బోళం. రోము నగరంలో గుళ్ళలో పూజకు ఇది కావాలి, శవదహనానికి ఇది కావాలి. నీరో చక్రవర్తి తన భార్య పొప్పేయా చనిపోయినప్పుడు అరేబియా దేశంలో ఏడాదికి పండే దానికంటె ఎక్కువ ఒక్కరోజులో తగలబెట్టాడని ప్లీనీ అనే రోమన్ రచయిత రాశాడు. కొంత అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు, గిరాకీ మాత్రం అబద్ధం కాదు.

ఈ ప్లీనీ మనకు మంచి లెక్కలు కూడా ఇచ్చి పోయాడు. యెమెన్‌లోని తిమ్నా పట్టణం నుంచి మధ్యధరా తీరంలోని గాజా వరకు ఒంటెల బిడారుకు 65 మజిలీలు. (మజిలీ అనే తెలుగు మాట అరబ్బీ మన్‌జిల్ నుంచే వచ్చింది.) దారిలో ఒకచోట పూజారులకు వాటా, ఒకచోట రాజుగారి గుమాస్తాలకు వాటా, కావలివాళ్ళకు, ద్వారపాలకులకు వాటా, మేతకు ఇంత, నీళ్ళకు ఇంత, బసకు ఇంత. అన్నీ కలిపితే తీరం చేరేసరికి ఒక్కో ఒంటె మీద 688 దినారియస్సులు ఖర్చు. ఆ రోజుల్లో రోమన్ సైన్యంలో మామూలు సిపాయి జీతం ఏడాదికి 225 దినారియస్సులు. అంటే ఒక ఒంటెను దాటించడానికి ఒక సిపాయి మూడేళ్ళ జీతం! ఇంత ఖర్చు పెట్టి కూడా లాభం మిగిలిందంటే వ్యాపారం ఎలాంటిదో వర్తకులైన మీరే ఊహించుకోండి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నబాతీయుల నేలలో సాంబ్రాణి చెట్టు ఒక్కటి కూడా లేదు. బోళం లేదు. తరువాతి కాలంలో వాళ్ళ చేతుల మీదుగా సాగిన మిరియాలూ పట్టూ కూడా వాళ్ళవి కావు. వాళ్ళ సొంత సరుకు చెప్పుకోదగ్గది ఒక్కటే, మృత సముద్రం మీద తేలివచ్చే తారు. దాన్ని ఈజిప్టువాళ్ళు శవాలకు పూసి భద్రపరచడానికి కొనేవారు. మిగిలినదంతా ఎవరో పండించినది, ఇంకెవరో కొనేది. మధ్యలో వీళ్ళకు తెలిసినది దారి. ఎడారిలో దారి అంటే నీళ్ళు ఎక్కడున్నాయో తెలియడమే.

నీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఈ కథలో నాకు అన్నిటికన్న నచ్చిన భాగం ఇదే. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం చివరి నాటి సమాచారాన్ని డయోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు భద్రపరిచాడు. అప్పటి నబాతీయులు పదివేల మందికి కొంచెం ఎక్కువ. వాళ్ళు ఇల్లు కట్టకూడదు, గింజ నాటకూడదు, పండ్లచెట్టు పెంచకూడదు, ద్రాక్షసారా తాగకూడదు. ఇది వాళ్ళ కట్టుబాటు. మీరితే మరణశిక్ష. ఎందుకయ్యా ఇంత కఠినం అంటే, ఇల్లూ పొలమూ ఉన్నవాడు వాటిని కాపాడుకోవడానికి బలవంతుడి ముందు తల వంచుతాడు. ఏమీ లేనివాడిని ఎవడూ లొంగదీయలేడు అని వాళ్ళ లెక్క. శత్రువు వస్తే ఎడారిలోకి పోయేవారు. శత్రువు దాహంతో చచ్చేవాడు, వీళ్ళు బతికేవారు. కారణం ఏమిటంటే నేలలో రహస్యంగా నీటి తొట్లు తవ్వి ఉంచారు. మన పల్లెల్లో ధాన్యం పాతర ఉండేది చూశారా, మూతి చిన్నది, లోపలికి పోయేకొద్దీ విశాలం. అచ్చం అలాంటి నీటి పాతర. లోపల గచ్చు పూత. కొన్ని ఒక్కో వైపు 30 మీటర్ల దాకా ఉండేవని చెబుతాడు. వాన నీటితో నింపి, మూతి మూసి, పైన నేల చదును చేసి, తమకు మాత్రమే తెలిసే గుర్తు పెట్టుకునేవారు.

క్రీ.పూ. 312లో ఈ సంగతి ఒక గ్రీకు సేనాపతికి అనుభవానికి వచ్చింది. అలెగ్జాండర్ చనిపోయాక సిరియా అంటిగొనస్ అనే ఒంటికన్ను రాజు చేతిలో ఉండేది. ఆయన అథెనేయస్ అనేవాడికి 4,000 మంది కాల్బలాన్ని, 600 మంది రౌతులను ఇచ్చి పంపాడు. నబాతీయుల మగవాళ్ళందరూ సంతకు పోయిన సమయం చూసి, ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ మాత్రమే ఉన్న కొండ మీద రాత్రివేళ పడ్డాడు. సాంబ్రాణి, బోళం, సుమారు 500 టాలెంట్ల వెండి ఎత్తుకుపోయాడు. మగవాళ్ళకు కబురు అందింది. వెంటనే బయలుదేరి, గెలిచామన్న ధీమాతో నిద్రపోతున్న సైన్యం మీద తెల్లవారకముందే పడ్డారు. కాల్బలం మొత్తం పోయింది. తప్పించుకున్నది 50 మంది రౌతులు.

ఇంతవరకు ఎడారి కథల్లో మామూలే. ఆ తరువాత వాళ్ళు చేసిన పని చూడండి. ఇల్లు లేని, పొలం లేని ఆ మనుషులు కొండకు తిరిగి వచ్చి కూర్చుని అంటిగొనస్‌కు ఉత్తరం రాశారు! సిరియా లిపిలో, అంటే అరామీ అక్షరాల్లో రాశారని డయోడోరస్ ప్రత్యేకంగా చెబుతాడు. నీ సేనాపతి అన్యాయంగా మా మీదకు వచ్చాడు, మేము మా ప్రాణరక్షణ కోసం చేసినది ఇది అని అందులో విన్నపం. రాజు ఏమీ ఎరగనట్లు, వాడు నా ఆజ్ఞ మీరి వచ్చాడు అని జవాబిచ్చి, తరువాత కొడుకు డెమెట్రియస్‌ను ఇంకా పెద్ద దండుతో పంపాడు. ఈసారి వాళ్ళు మంటలతో సైగలు చేసుకుని ముందే జాగ్రత్తపడ్డారు. డెమెట్రియస్ బహుమతులు పుచ్చుకుని వెనుదిరిగాడు. యుద్ధాల సంగతి అలా ఉంచండి. రాయడం వచ్చిన సంచార జాతి అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. బేరానికి వెళ్ళేవాడికి లెక్క రాయక తప్పదు కదా.

అక్కడి నుంచి ఒక్కసారి మూడు వందల ఏళ్ళు ముందుకు రండి. స్ట్రాబో అనే మరో గ్రీకు రచయిత, పెట్రాలో కొంతకాలం ఉండి వచ్చిన స్నేహితుడు చెప్పగా విని రాశాడు. ఇప్పుడు వాళ్ళకు రాతి ఇళ్ళున్నాయి, తోటలున్నాయి, విందులున్నాయి, విందులో సారా కూడా ఉంది. తాతల నాటి కట్టుబాటు పూర్తిగా తిరగబడింది. ఆస్తి పెంచినవాడికి సన్మానం, పోగొట్టినవాడికి బహిరంగంగా జరిమానా. (ఈ పద్ధతి మన దగ్గర పెడితే మన సంఘం నిధికి లోటుండదు.) రాజు విందులో స్వయంగా వడ్డించేవాడట. ప్రజల సభ ముందు నిలబడి తన పాలనకు లెక్క చెప్పేవాడట. పెట్రాలో విదేశీయులు ఒకరి మీద ఒకరూ ఊరివాళ్ళ మీదా దావాలు వేసేవారు కాని, ఊరివాళ్ళు తమలో తాము కోర్టుకు ఎక్కరని ఆ స్నేహితుడు ఆశ్చర్యపోయాడు.

రాజధానిలో కూడా నీటి పనులే అసలు వైభవం. అక్కడ ఏడాదికి వాన 150 మిల్లీమీటర్లు పడితే ఎక్కువ. ఆ పడేది కూడా ఒక్కసారిగా వరదై కనుమలోకి దూకుతుంది. వాళ్ళు కనుమ మొగలో కట్ట వేశారు, కొండను సుమారు 90 మీటర్లు తొలిచి వరదను పక్కదారి పట్టించారు. దూరాన ఐన్ మూసా ఊట నుంచి కనుమ గోడల వెంట కాలువలూ మట్టి గొట్టాలూ వేసి తాగునీళ్ళు తెచ్చారు. ఈ కట్టల విలువ మన కాలంలోనే ఒకసారి తెలిసివచ్చింది. పాత కట్ట ఎప్పుడో పాడైపోయింది. 1963లో హఠాత్తుగా వరద వచ్చి, కనుమలో ఉన్న ఫ్రెంచి యాత్రికులు ఇరవై మందికి పైగా కొట్టుకుపోయారు. మరుసటి ఏడు ప్రభుత్వం నబాతీయులు కట్టిన చోటనే మళ్ళీ కట్ట వేసింది.

ఈ రాజ్యానికి మంచి రోజులంటే నాలుగో హారిసా కాలం, క్రీ.పూ. 9 నుంచి క్రీ.శ. 40 వరకు. తన ప్రజలను ప్రేమించేవాడు అని నాణేల మీద బిరుదు వేసుకున్నాడు. ఈయన కాలంలోనే పెట్రాకు 500 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి సౌదీ అరేబియాలోని అల్‌ఉలా దగ్గర, హిజ్ర్ పట్టణం పెరిగింది. మదాయిన్ సాలెహ్ అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. హజ్రత్ సాలెహ్ అలైహిస్సలాం వారి సమూద్ జాతి గురించి ఖురాన్ షరీఫ్‌లో ఉంది, అల్‌హిజ్ర్ పేరుతో ఒక సూరాయే ఉంది. ఆ ధార్మిక విషయం ఆలిములు చెప్పవలసినది, నేను చెప్పను. చరిత్ర విద్యార్థిగా ఒక్కటే మనవి. అక్కడ నేడు కనిపించే నూటికి పైగా రాతి సమాధుల్లో చాలావాటి గుమ్మాల పైన రాతలున్నాయి, వాటి మీద సంవత్సరం ఉంది. అవి క్రీ.పూ. 1 నుంచి క్రీ.శ. 75 వరకు నాటివి, నబాతీయులవి. సమూద్ జాతి అంతకు చాలా పూర్వం నాటిది. రెండింటిని కలిపి ఒకటే అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఆ రాతలు చదివితే అచ్చం మన రిజిస్ట్రేషను దస్తావేజే. సమాధి ఎవరిది, ఎవరికి వారసత్వ హక్కు, అమ్మడానికి కుదవపెట్టడానికి వీల్లేదు, అతిక్రమిస్తే దేవతకు ఇంత, రాజుకు ఇంత జరిమానా, ఫలానా నెల, హారిసా రాజు ఏలుబడిలో ఫలానా ఏడు, తొలిచిన శిల్పి ఫలానా. క్రీ.పూ. 1 నాటి ఒక సమాధిని చేయించుకున్నది కమ్‌కమ్ అనే ఆమె. తండ్రి పేరు లేదు, వాయిలా కూతురు అని తల్లి పేరే చెప్పుకుంది. తనకూ తన కూతురు కులైబాకూ, వారి సంతానానికీ అని రాయించింది. ఇలా సొంత పేరున సమాధి రాయించుకున్న ఆడవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. జాహిలియాలో అరబ్బు స్త్రీకి ఆస్తి అనేదే లేదని మనం అన్ని చోట్లకూ కలిపి చెప్పేస్తుంటాం. ఎడారి అంతటా ఒకే పద్ధతి ఉండేది కాదు అని ఈ రాయి సాక్ష్యం చెబుతున్నది. ఆ సమాధిని తొలిచిన శిల్పి పేరు వహ్బల్లాహి. అల్లాహ్ ఇచ్చినవాడు అని అర్థం. వాళ్ళు విగ్రహారాధకులే. ఆ శాసనంలోనే మనాత్, హుబల్ పేర్లు కూడా ఉన్నాయి. ఆ నామం మాత్రం వాళ్ళ నోట అప్పటికే ఉంది.

ఇక పతనం సంగతి.

క్రీ.పూ. 30లో రోమన్లు ఈజిప్టును కలుపుకున్నారు. దాంతో ఎర్ర సముద్రపు రేవులు వాళ్ళ చేతికి వచ్చాయి. రుతుపవనాల గాలి పట్టుకుని పడవలు నేరుగా హిందూదేశం పోయి రావడం మొదలైంది. (ఇంగ్లీషువాళ్ళ మాన్సూన్ అరబ్బీ మౌసిమ్ నుంచే వచ్చింది, మన మౌసం కూడా.) ఏటా 120 ఓడలు ఒక్క మయోస్ హోర్మోస్ రేవు నుంచే హిందూదేశానికి పోతున్నాయని స్ట్రాబో లెక్క చెప్పాడు. ఒక ఓడ మోసేది ఎన్ని ఒంటెలు మోయాలి? ఎన్ని మజిలీల సుంకం మిగులుతుంది?

రోమన్లకు అది కూడా చాలలేదు. సాంబ్రాణి పండే దేశాన్నే పట్టుకుందామని క్రీ.పూ. 26 ప్రాంతంలో ఏలియస్ గాలస్ అనే సేనాపతిని పదివేల మందితో యెమెన్ మీదికి పంపారు. దారి చూపే పని నబాతీయుల మంత్రి సిల్లేయస్ తీసుకున్నాడు. ఎలా చూపించాడంటే, పోవడానికి ఆరు నెలలు పట్టింది! సగం సైన్యం రోగాలతో, దాహంతో పడిపోయింది. మారిబ్ దాకా పోయినట్లున్నారు, అక్కడ ఆరు రోజులు ముట్టడి చేసి, నీళ్ళు లేక వెనుదిరిగారు. వచ్చేటప్పుడు అదే దూరం 60 రోజుల్లో వచ్చేశారు. కావాలనే తిప్పాడు, ద్రోహం చేశాడు అని గాలస్ స్నేహితుడైన స్ట్రాబో మండిపడ్డాడు. ఓడిన సేనాపతిని వెనకేసుకు రావడం స్నేహధర్మం కనుక ఆ మాట మొత్తం నమ్మనక్కరలేదు. అయినా నా అభిప్రాయం అడిగితే, సిల్లేయస్ స్థానంలో ఉన్న ఏ వర్తకుడైనా దగ్గర దారి చూపిస్తాడా? దారి తెలియడమే వాళ్ళ ఆస్తి అని ముందే అనుకున్నాం. ఆ ఆస్తిని ఉచితంగా రాసిచ్చేస్తే ఇంక వాళ్ళకు మిగిలేదేమిటి? ఆ సిల్లేయస్ తరువాత వేరే రాజకీయాల్లో ఇరుక్కుని రోములో తల పోగొట్టుకున్నాడు.

ఈ సముద్ర వ్యాపారంలో మన తీరం పేరు కూడా వస్తుంది. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఈజిప్టులో ఉండే గ్రీకు వర్తకుడొకడు ఓడల దారుల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. పెరిప్లస్ అంటారు. అందులో ఒకచోట, ల్యూకే కోమే అనే రేవు నుంచి నబాతీయుల రాజు మాలిక్ ఉండే పెట్రాకు బాట ఉంది, ఆ రేవులో వచ్చే సరుకు మీద నాలుగో వంతు సుంకం పడుతుంది అని ఉంది. అదే పుస్తకంలో ముందుకు పోతే మసాలియా అనే ప్రాంతం, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారు అని ఉంది. ఆ మసాలియా మన కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం చుట్టుపక్కల అని పండితులు గుర్తించారు. కృష్ణా లోయలోనూ నల్లగొండ ప్రాంతంలోనూ దొరికిన రోమన్ నాణేలు ఆ కాలపు వ్యాపారపు ఆనవాళ్ళే. పెట్రా బాట పలచబడిన ఆ రోజులే మన శాతవాహనుల రేవులకు కలిసివచ్చిన రోజులు. ఒకరికి వాటిల్లిన నష్టం ఇంకొకరికి లాభం కావడం వర్తకంలో కొత్తేమీ కాదు.

అయితే సముద్రమార్గం తెరుచుకున్న మరునాడే పెట్రా కూలిపోయిందని అనుకోవద్దు. అది పాఠ్యపుస్తకాల తొందర. నాలుగో హారిసా వైభవమంతా ఈజిప్టు రోమన్ల పాలైన తరువాతదే! చివరి రాజు రెండో రబ్బేల్, క్రీ.శ. 70 నుంచి 106 దాకా ఏలినవాడు. ఆయన కాలానికి నబాతీయులు నేగెవ్ ఎడారిలోనూ హౌరాన్ మైదానంలోనూ సేద్యంలోకి దిగారు. వాన నీటిని కట్టలు వేసి ఆపి, మెట్లు మెట్లుగా మళ్ళు చేసి గోధుమ, ద్రాక్ష పండించారు. గింజ నాటితే తల తీస్తామన్న తాతలకు మనుమలు రైతులయ్యారు. తాతలు నీటి పాతరలో చూపిన పనితనమే మనుమలకు పొలంలో పనికివచ్చింది. రబ్బేల్ కొలువు కూడా ఎక్కువగా ఉత్తరాన బుస్రాకు మారింది.

క్రీ.శ. 106లో రబ్బేల్ చనిపోయాడు. ట్రాజన్ చక్రవర్తి ఆజ్ఞ మీద సిరియా గవర్నరు కార్నీలియస్ పాల్మా వచ్చి రాజ్యాన్ని కలిపేసుకున్నాడు. అరేబియా అని దానికి పేరు పెట్టారు. పెద్ద యుద్ధం జరిగినట్లు ఎవరూ రాయలేదు. నాణేల మీద "జయించాము" అని కాక "సంపాదించాము" అని ముద్రించారు. కొద్ది సంవత్సరాల్లోనే బుస్రా నుంచి అఖబా రేవుకు రాజమార్గం వేశారు. అంతకు ముందు నబాతీయులకు మాత్రమే తెలిసిన దారి ఇప్పుడు మైలురాళ్ళు నాటిన ప్రభుత్వ రోడ్డు అయింది. నా దృష్టిలో రాజ్యం అయిపోయింది ఆ మైలురాళ్ళతోనే.

విలాసాల్లో పడి చెడిపోయారు, అందుకే పోయారు అని కొందరు వక్తలు చెబుతుంటారు. ఏ రాజ్యం పోయినా ఈ ఒక్క కారణమే చెప్పడం మన సభల్లో అలవాటైపోయింది. దానికి ఆధారం నాకు కనిపించలేదు. చివరి రోజుల్లో వాళ్ళు పొలాలకు కట్టలు వేస్తున్నారు, గుర్రాలు పెంచుతున్నారు, దస్తావేజులు రాసుకుంటున్నారు. పక్కన ఉన్నది అప్పటి ప్రపంచంలో అందరికన్న పెద్ద సైన్యం. దానితో నూటముప్పై ఏళ్ళకు పైగా మాట నేర్పుతో, కప్పాలతో, ఒక్కోసారి దారి తప్పించి నెట్టుకొచ్చారు. అందులో చెడిపోయినతనం నాకు కనిపించదు.

పెట్రా ఊరు ఆ తరువాత కూడా చాలాకాలం బతికింది. 363 మే నెలలో భూకంపం వచ్చి సగానికి పైగా కూలింది. నీటి కాలువలు చెదిరాయి, అన్నిటినీ మళ్ళీ బాగుచేసే స్తోమత ఎవరికీ లేకపోయింది. ఆరో శతాబ్దంలో కూడా అక్కడ జనం ఉన్నారు. 1993లో ఒక పాత చర్చి తవ్వకంలో కాలి బొగ్గయిన పాపిరస్ చుట్టలు సుమారు 140 దొరికాయి. పొలాల పన్నులు, ఇళ్ళ పంపకాలు. భాష గ్రీకు, పొలాల పేర్లు అరబ్బీ! ఆ తరువాత బయటి ప్రపంచం పెట్రాను మరచింది. 1812లో బుర్‌ఖార్ట్ అనే స్విస్ యువకుడు షేక్ ఇబ్రాహీం పేరుతో, హజ్రత్ హారూన్ వారి మజార్ వద్ద మేకను ఖుర్బానీ ఇవ్వాలని మొక్కుకున్నానని చెప్పి, లోపలికి పోయి చూసి వచ్చాడు. పుస్తకాల్లో అతడు పెట్రాను "కనుగొన్నాడు" అని రాస్తారు. అతడికి దారి చూపించిన బద్దూకి మాత్రం అది ఎన్నడూ తప్పిపోలేదు!

ఇప్పుడు మొదట్లో అన్న వస్తువు సంగతి.

అంటిగొనస్‌కు ఉత్తరం అరామీ అక్షరాల్లో రాశారని చెప్పాను. ఆ అక్షరాలు 22. నబాతీయులు మాట్లాడేది అరబ్బీ, రాసేది అరామీ. బేరాలకూ దస్తావేజులకూ గబగబా రాయడంలో ఆ అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోయాయి, గుండ్రబడ్డాయి. రాజ్యం పోయిన తరువాత కూడా రాత ఆగలేదు. హిజ్ర్‌లోనే క్రీ.శ. 267 నాటి సమాధి రాత ఒకటుంది. కాబ్ అనేవాడు తన తల్లి రఖూష్‌కు కట్టించినది. రాజ్యం పోయి అప్పటికి 160 ఏళ్ళు. లిపి నబాతీ, భాష చాలావరకు అరబ్బీ. సిరియాలోని నమారా దగ్గర క్రీ.శ. 328 నాటి ఇమ్రుల్ ఖైస్ రాజు సమాధి రాయి దొరికింది. అరబ్బీ భాష, నబాతీ లిపి. ఇలా ఒక్కో రాయీ చూసుకుంటూ ఐదు, ఆరు శతాబ్దాలకు వస్తే అక్షరాలు మనకు తెలిసిన అరబ్బీ రూపంలోకి మారిపోతాయి. ఒకప్పుడు ఈ లిపి సిరియాక్ నుంచి వచ్చిందా అనే వాదం ఉండేది. శాసనాలు ఎక్కువగా దొరికిన కొద్దీ నబాతీయుల నుంచే అని తేలింది.

మక్తబ్‌లో ఖాయిదా చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, లేచి కూర్చోండి. బే, తే, సే మూడింటికీ ఒంటి రూపు ఒకటే, చుక్కలే తేడా. ఎందుకు? నబాతీయుల దగ్గర నుంచి వచ్చినవి 22 అక్షరాలు, అరబ్బీలో శబ్దాలు 28. పైగా గబగబా రాయడంలో కొన్ని అక్షరాలు ఒకేలా అయిపోయాయి. అందుకని చుక్కలు పెట్టి విడదీశారు. దీనికి రుజువు మీ అందరికీ తెలిసిన అబ్జద్ లెక్కలోనే ఉంది. 786 అని ఆటోల మీద రాయిస్తారే, ఆ లెక్క. అలిఫ్ ఒకటి, బే రెండు, జీమ్ మూడు, దాల్ నాలుగు అంటూ పోతే తే దగ్గర 400. అక్కడికి 22 అక్షరాలు, పాత అరామీ వరుస అయిపోయింది. అరబ్బీకి కొత్తగా కావలసిన ఆరూ, అంటే సే, ఖే, జాల్, జ్వాద్, జోయ్, గైన్, చివరన తగిలించి 500 నుంచి 1000 దాకా విలువలిచ్చారు. అతుకు ఎక్కడుందో ఇప్పటికీ కనబడుతూనే ఉంది.

చుక్కలున్న అరబ్బీ రాతల్లో మనకు దొరికిన బాగా పాతది ఒకటి హిజ్రీ 22 నాటిది, క్రీ.శ. 643, హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు ఖిలాఫత్ కాలంలోది. ఈజిప్టులో దొరికిన పాపిరస్, ఇప్పుడు వియెన్నాలో ఉంది. కొన్ని అక్షరాలకు చుక్కలున్నాయి, కొన్నింటికి లేవు. గ్రీకులోనూ అరబ్బీలోనూ రాసిన ఆ కాగితం ఏమిటంటారా? సైన్యం కోసం ఊరివాళ్ళ దగ్గర తీసుకున్న 65 గొర్రెలకు ఇచ్చిన రసీదు.

బహుమతి ప్రదానం ఇంకా మిగిలి ఉంది, వంటవారు కూడా ఇటే చూస్తున్నారు. సెలవు.